కరోనా కాలం కిస్తీల వాయిదా: ఇన్నేళ్లకు నా రివ్యూ, రెండున్నర స్టార్లు

రేటింగ్ ముందే చెప్పేస్తాను, ఐదుకి రెండున్నర. ఆ సగం స్టారు ఎవరి పుణ్యమో కింద చెప్తా. రివ్యూ దేనికంటే, 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన లోన్ మారటోరియం. ఇన్నేళ్లకు ఇప్పుడెందుకు అంటారా, ఇది వాడిన రోజే బాగుందో లేదో తెలిసిపోయే సరుకు కాదు. కారు లోను మీద వాడినవాళ్లకు లెక్క ఎప్పుడో తేలిపోయింది, ఇంటి లోను మీద వాడినవాళ్లు మాత్రం ఆ బిల్లు ఇంకా కడుతూనే ఉన్నారు, చాలామందికి కడుతున్న సంగతి కూడా తెలీదు.

నేను హనుమకొండలో చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. టెంటు హౌసు, స్కూలు వ్యాన్లు, కిరాణా, మెడికల్ షాపు, సెలూను, ఒక థియేటర్ క్యాంటీన్, ఇళ్లు కట్టే కాంట్రాక్టర్లు, అందరి బ్యాంకు స్టేట్‌మెంట్లు నా టేబుల్ మీదికే వస్తాయి. కాబట్టి ఇది ఒక్కడి అనుభవం అనుకోకండి, ఒకే సరుకు పది రకాల దుకాణాల్లో ఎలా పనిచేసిందో పక్కపక్కన పెట్టి చూసినవాడి మాట.

సరుకు ఏమిటో మర్చిపోయినవాళ్ల కోసం చిన్నగా. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్, 27న రిజర్వు బ్యాంకు ప్రకటన. మార్చి 1 నుంచి మే 31 దాకా పడే కిస్తీలు ఆపుకోవచ్చన్నారు, మే 22న ఇంకో మూడు నెలలు కలిపి ఆగస్టు 31 దాకా పొడిగించారు. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు), సహకార బ్యాంకులు అన్నీ ఇవ్వొచ్చు. వాయిదా తీసుకుంటే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) కాదు, మనం అప్పులు ఎలా కట్టామో చూపించే సిబిల్ రికార్డులో మచ్చ పడదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఈ చివరి ముక్కను ఎవరూ దాచలేదు, ప్రకటనలోనే ఉంది, కానీ జనం మూడు నెలలు కట్టక్కర్లేదన్న మొదటి ముక్క వినగానే టీవీ ఆపేశారు. ఆ టైంలో ఎవరిని మాత్రం ఏమంటాం.

మంచి సంగతులు ముందు చెప్పాలి. సర్కారు సాయం అంటే ఎన్నేళ్లకు వస్తుందో మనకు తెలుసు, ఇది లాక్‌డౌన్ పడ్డ రెండు రోజులకే వచ్చింది. అప్పటిదాకా పొద్దున్నే ఇంటి ముందు బండి ఆపి హారన్ కొట్టే రికవరీ కుర్రాళ్లు కొన్నాళ్లు కనపడలేదు. చేతిలో ఉన్న పది పదిహేను వేలు కిస్తీకి పోకుండా బియ్యానికీ, మందులకూ, అద్దెకూ మిగిలాయి. ఒక స్టారు దీనికే ఇచ్చేశాను. సిబిల్ జోలికి పోనందుకు ఇంకో స్టారు, ఎందుకంటే అది చెడితే చిన్న వ్యాపారికి మళ్లీ బ్యాంకు గడప తొక్కే దారే ఉండదు.

ఇక వాడుక విషయానికొస్తే గందరగోళం. ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి. కొన్ని అడక్కుండానే అందరికీ వాయిదా వేసేశాయి, వద్దనుకునేవాళ్లు చెప్పుకోవాలి. కొన్నింటికి మెసేజ్ పంపాలి, కొన్నింటికి మెయిల్, కొన్నింటికి యాప్‌లో ఎక్కడో నాలుగు మెనూల లోపల ఒక బటన్. నా కస్టమర్ ఒకాయన ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీకి (పేరు ఎందుకులే) అడిగిన గడువులోనే మెసేజ్ పెట్టాడు, అయినా తారీఖు రాగానే ఆటో డెబిట్‌కి పెట్టారు, ఖాతాలో డబ్బుల్లేక బౌన్స్ అయింది, అటు ఫైనాన్స్‌వాళ్లు బౌన్స్ చార్జీ, ఇటు బ్యాంకువాళ్లు ఇంకో చార్జీ. కిస్తీ ఆగింది గానీ చార్జీలు ఆగలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కరోనా కాలర్ ట్యూన్ మొత్తం విన్నాక లైన్ కట్టయ్యేది. ఈ గందరగోళాన్ని చూసి మోసగాళ్లు కూడా దిగారు, మీ ఈఎంఐ వాయిదా వేస్తాం ఓటీపీ చెప్పండి అని ఫోన్లు. చెప్పకండి మొర్రో అని బ్యాంకులు విడిగా మెసేజ్‌లు పంపాల్సి వచ్చింది.

ఖరీదు సంగతి. స్టేట్ బ్యాంకు అప్పుడే లెక్క కట్టి చెప్పింది, అందుకు మెచ్చుకోవాలి. 30 లక్షల ఇంటి లోను, ఇంకా 15 ఏళ్లు మిగిలుంటే, మూడు నెలలు ఆపినందుకు అదనంగా పడే వడ్డీ సుమారు 2.34 లక్షలు, అంటే ఎనిమిది కిస్తీలు. 6 లక్షల కారు లోను, ఇంకా 54 నెలలు ఉంటే సుమారు 19 వేలు, ఒకటిన్నర కిస్తీ. ఇది మూడు నెలల లెక్క. ఆరు నెలలూ వాడినవాళ్లకి నేను వేసిన లెక్క చెప్తా. 30 లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు, కిస్తీ 26,992. లోను తీసుకున్న కొత్తలోనే ఆరు నెలలు ఆపేసి, తర్వాత అదే కిస్తీ, అదే వడ్డీతో కడుతూ పోతే 240 కిస్తీలతో తీరాల్సిన అప్పు 275 కిస్తీలకు గానీ తీరదు. ఆపింది ఆరు, పెరిగింది ముప్పై అయిదు. కొత్త లోనులో మొదటి కిస్తీల్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది కాబట్టి, ఆపిన వడ్డీ అసలులో కలిసి ఇరవై ఏళ్ల పాటు పిల్లలు పెడుతుంది. పాత లోనువాడికి చిల్లర ఖర్చు, కొత్త లోనువాడికి వాత. క్రెడిట్ కార్డు మీద మారటోరియం వాడినవాళ్ల సంగతి చెప్పకపోవడమే మంచిది, నెలకు మూడు శాతం పైన వడ్డీ ఉన్నచోట వాయిదా అంటే గోతిలో కూర్చుని ఇంకా తవ్వుకోవడమే.

అయినా నేను స్టార్లు కోసింది వడ్డీ దగ్గర కాదు. అప్పు అన్నాక వడ్డీ ఉంటుంది, డిపాజిట్ వేసుకున్న ముసలాళ్లకు బ్యాంకు వడ్డీ ఇవ్వాలి కదా. నా గొడవంతా ఆ ఆరు నెలల మీద. అన్ని వ్యాపారాలకూ ఒకే ఆరు నెలలు, అవే మార్చి నుంచి ఆగస్టు. వ్యాపారాలేమో ఒకేసారి మూతపడలేదు, ఒకేసారి తెరుచుకోలేదు. 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశం జీడీపీ 23.9 శాతం పడిపోయిందని ఆగస్టు 31న లెక్కలు వచ్చాయి, సరిగ్గా మారటోరియం ముగిసిన రోజే. ఆ లెక్క లోపలికి వెళ్తే నిర్మాణ రంగం 50.3 శాతం పడింది, వ్యాపారం, హోటళ్లు, రవాణా కలిపి 47 శాతం, ఫ్యాక్టరీలు 39.3 శాతం, వ్యవసాయం మాత్రం 3.4 శాతం పెరిగింది. ఒకడికి సగం ఒళ్లు కాలింది, ఒకడికి ఏమీ కాలేదు, ఇద్దరికీ ఒకే ట్యూబు బర్నాల్.

మా టెంటు హౌస్ అన్న సంగతి చెప్తా, అప్పుడు అర్థమవుతుంది. ఆయనకు ఏప్రిల్, మే ముహూర్తాల గిరాకీతోనే ఏడాది గడవాలి. 2019 చివర్లో కొత్త కుర్చీలు, పెళ్లికొడుకు పెళ్లికూతురు కూర్చునే సోఫాలు, జనరేటరు, అన్నీ లోను మీద దించాడు. లాక్‌డౌన్ వచ్చింది, పెళ్లికి 50 మందికి మించొద్దన్నారు. 50 మందికి టెంటు ఎవడేయిస్తాడు, ఇంటి ముందు పందిరి వేసుకుని, ఉన్న చాపలు పరిచి కానిచ్చేశారు. సీజన్ పోయింది. ఆషాఢం సంగతి తెలిసిందే. శ్రావణంలో ఏవో నాలుగు చిన్న ఆర్డర్లు. ఆగస్టు 31న మారటోరియం అయిపోయేసరికి భాద్రపదం నడుస్తోంది, ముహూర్తాల్లేవు. వినాయక మండపాలు అంతంతమాత్రం. ఆ వెంటనే పెత్రమాస (పెద్దల అమావాస్య), దాని వెనకే సెప్టెంబరు 18 నుంచి అక్టోబరు 16 దాకా అధికమాసం, బతుకమ్మ కూడా నెల వెనక్కి జరిగిన ఏడాది అది. అంటే కిస్తీ సెప్టెంబరులో మొదలైంది, గిరాకీ కార్తీకం వచ్చాక గానీ మొదలు కాలేదు. రిజర్వు బ్యాంకువాళ్లు పంచాంగం చూడాలని నేననను గానీ, ఈ దేశంలో సగం వ్యాపారాలు దాన్ని చూసే నడుస్తాయని ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.

ఆ వానాకాలంలో స్టాకు లెక్క రాసుకోవడానికి ఆయన గోదాముకి వెళ్లాను. కుర్చీలు రేకుల దాకా ఒకదాంట్లో ఒకటి గుచ్చి ఉన్నాయి. ఎర్ర వెల్వెట్ కవర్ల మూట విప్పితే మడత మడతకీ ఎలుకలు కొట్టిన బొక్కలు, తివాచీలకు తెల్ల బూజు, ఇత్తడి గుండిగలకు కిలుం. అన్న వారానికోసారి వచ్చి జనరేటరు ఉత్తినే స్టార్ట్ చేసి పది నిమిషాలు నడిపి ఆపేసేవాడట, లేకపోతే బ్యాటరీ పోతుందని. "సార్, ఈ డీజిలు ఖర్చు ఏ ఖాతాలో రాస్తరు?" అని అడిగాడు. రిపేర్లు అని రాశాను. లోను మీద కొన్న ఆ సోఫాలు బ్యాంకు లెక్కలో ఆస్తి. ఒకదాని స్పంజి లోపల ఎలుక పిల్లల్ని పెట్టింది.

స్కూలు వ్యాన్ తమ్ముడిది ఇంకా ఘోరం. తెలంగాణలో బడులు 2020 మార్చి 16న మూసేశారు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు తెరిచి, మార్చి 24న మళ్లీ మూసేసి, చివరికి సెప్టెంబరు 1న గానీ పూర్తిగా తెరవలేదు. ఏడాదిన్నర దాకా బండి కదలని వాడికి ఆరు నెలల వాయిదా. సీట్లు పీకేసి, వ్యాన్‌లో ఉల్లిగడ్డలు, టమాటలు పోసుకుని మైకు పెట్టి కాలనీల్లో అమ్మాడు. ఆ వ్యాన్ నడిపించుకున్న ప్రైవేటు స్కూళ్ల టీచర్ల సంగతి ఇంకా అన్యాయం, సర్కారు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించేసరికి 2021 ఏప్రిల్ వచ్చింది. వాళ్లలో పర్సనల్ లోన్లు ఉన్నవాళ్లకు మారటోరియం ముగిసిన ఏడు నెలలకి.

థియేటర్ క్యాంటీన్ లీజుకు తీసుకున్నాయనకి కేంద్రం అక్టోబరు 15 నుంచి సగం సీట్లతో తెరుచుకోవచ్చంది, ఇక్కడ బొమ్మ పడేసరికి డిసెంబరు. అప్పటికి కూల్‌డ్రింకులన్నీ ఎక్స్‌పైరీ. సెలూన్లు మే నెలలోనే తెరిచారు, కానీ తెరవడం వేరు, జనం ధైర్యంగా వచ్చి మెడ వంచడం వేరు. మద్యం షాపులు మాత్రం మే 6నే తెరుచుకున్నాయి, ధర 16 శాతం దాకా పెంచినా క్యూలు తగ్గలేదు. కిరాణా, మెడికల్ వాళ్లు ఒక్కరోజు మూయలేదు, వాళ్లకు వాయిదా అక్కర్లేదు, అయినా అడక్కుండానే వచ్చింది. మా కిరాణా సేటు తెలివైనోడు, వడ్డీ పడుతుందని తెలియగానే బ్యాంకుకు పోయి వద్దని రాసిచ్చి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ పిల్లలు మాదాపూర్ హాస్టళ్లు ఖాళీ చేసి ఇంటికొచ్చి మేడ మీద లాప్‌టాప్ పెట్టుకున్నారు, జీతం ఆగలేదు, పైగా మిగిలింది. దెబ్బ తగిలింది ఆ హాస్టలు ఓనరుకి, వాళ్లను తిప్పిన క్యాబు అతనికి, కింద టిఫిన్ బండికి.

కోళ్ల ఫారాల సంగతైతే తలకిందులు. చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుతో లాక్‌డౌన్‌కి ముందే వాళ్లు మునిగిపోయారు, ఫిబ్రవరి నెలాఖర్లో మంత్రులు హైదరాబాద్‌లో పీపుల్స్ ప్లాజా స్టేజి మీద నిలబడి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. కోడిపిల్లల్ని తగ్గించేశారు, తీరా మే నెలలో ధర పైకి లేచేసరికి అమ్మడానికి కోళ్లు లేవు. ఇళ్ల కాంట్రాక్టర్లకు పనులు మొదలుపెట్టుకోమని పర్మిషన్ వచ్చేసరికి మనుషులు లేరు. వలస కార్మికుల కోసం దేశంలో మొదటి రైలు మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకి వెళ్లింది, సుమారు 1,200 మందితో. ఆ తర్వాత వెళ్లినవాళ్లు వెళ్తూనే ఉన్నారు. మిక్సర్ మిషన్ మీద లోను ఉంది, సెంట్రింగ్ సామాను ఉంది, రాడ్ కట్టేవాడు లేడు.

ఇప్పుడు ఆ సగం స్టారు. ఆగ్రాలో కళ్లద్దాల షాపు నడుపుకునే ఒకాయన, వ్యాపారం ఆపమన్నది మీరే, మళ్లీ ఆపిన కాలానికి వడ్డీ ఏమిటని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. వడ్డీ మొత్తం మాఫీ చేస్తే బ్యాంకుల మీద 6 లక్షల కోట్ల భారం పడుతుందని కేంద్రం చెప్పింది. చివరికి 2 కోట్ల లోపు లోన్లకు వడ్డీ మీద వడ్డీ తిరిగిస్తామని ఒప్పుకుని, 2020 నవంబరు మొదటి వారంలో ఖాతాల్లో వేశారు. వాయిదా వాడుకోకుండా కష్టపడి కట్టినవాళ్లకు కూడా వేశారు, ఇది నాకు నచ్చింది. 2021 మార్చి 23న తీర్పులో కోర్టు వడ్డీ మాఫీ కుదరదంది, వాయిదా పొడిగింపు కుదరదంది, కానీ ఆ ఆరు నెలలకి చక్రవడ్డీ ఎవరి దగ్గరా, ఎంత పెద్ద లోను ఉన్నా తీసుకోవద్దంది. సగం స్టారు ఆ కళ్లద్దాల షాపాయనకే.

డబ్బు ఎంతొచ్చిందంటారా, పైన చెప్పిన 30 లక్షల లోనుకి నా లెక్క ప్రకారం 2,557 రూపాయలు. మా దగ్గర ఒకాయన స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ చూసి ఎవరో పొరపాటున వేశారని భయపడి రెండు రోజులు ముట్టుకోలేదు. పంట లోన్లు, ట్రాక్టరు లోన్లు మాత్రం ఇందులో రావన్నారు, వ్యవసాయం 3.4 శాతం పెరిగింది కదా అని కాబోలు. ఊళ్లో రైతుకి ఆ పెరుగుదల ఎక్కడుందో చూపించమంటే చూపించేవాడు లేడు.

దీంతోపాటు వచ్చిన ఇంకో సరుకు ఈసీఎల్‌జీఎస్, సర్కారు గ్యారంటీ మీద అదనపు లోను. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న అప్పులో 20 శాతం, బ్యాంకుల్లో వడ్డీ 9.25 శాతం దాటకూడదు, నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు. నిజం చెప్పాలంటే మారటోరియం కన్నా ఇదే మెరుగైన సరుకు. కొత్తగా తాకట్టు అడగలేదు, డబ్బు త్వరగా పడింది. కానీ లెక్క చూడండి, అప్పు ఎంత ఉంటే సాయం అంత. ఎనిమిది లక్షల అప్పున్న వ్యాపారికి లక్షా అరవై వేలు. అప్పు లేకుండా చేతి డబ్బుతో, చిట్టీ డబ్బుతో జాగ్రత్తగా నడుపుకున్నవాడికి సున్నా. హోటళ్లు, ట్రావెల్స్ వాళ్లకు విడిగా 40 శాతం దాకా ఇచ్చే ఏర్పాటు 2021 మార్చి నెలాఖరుకి గానీ రాలేదు, అప్పటికి సగం హోటళ్ల బోర్డులు దిగిపోయాయి, మిగిలినవాళ్లు రెండో వేవ్ ముందు నిలబడ్డారు. తోపుడు బండ్లకు 10,000 లోను ఇచ్చిన స్వనిధి పథకం చిన్నదే గానీ శుభ్రంగా పనిచేసింది, బండి మళ్లీ రోడ్డెక్కడానికి ఆ మాత్రం చాలు.

ఇవేవీ అందనివాళ్లు ఎక్కడికెళ్లారు? డైలీ ఫైనాన్స్ దగ్గరికి, వాళ్లకి రిజర్వు బ్యాంకు మాట వర్తించదు, సాయంత్రం కార్డు పట్టుకుని వచ్చేస్తారు. లేదా బంగారం దగ్గరికి. 2020 ఆగస్టులో బంగారం ధర రికార్డులో ఉంది, ఆగస్టు 6న రిజర్వు బ్యాంకు బంగారం విలువలో బ్యాంకులు ఇచ్చే లోనును 75 నుంచి 90 శాతానికి పెంచింది. కిస్తీలు మళ్లీ మొదలైన సెప్టెంబరులో ఆ కిస్తీలు కట్టింది చాలా ఇళ్లలో ఆడవాళ్ల గాజులే. ఈ లెక్క ఏ రివ్యూలోనూ రాదు, కిస్తీ టైంకి కట్టాడు కాబట్టి బ్యాంకు రికార్డులో ఆయన మంచి కస్టమరే.

ఒకటిన్నర స్టారు ఖాయంగా పోయింది అందరికీ ఒకే ఆరు నెలలు అన్న దాని దగ్గర. మిగతా ఒకటి 2021లో పోయింది. మే 12న తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు, మొదట్లో పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు, జూన్ 19 దాకా నడిచింది. సరిగ్గా మళ్లీ ముహూర్తాల సీజనే. ఈసారి దేశమంతా ఒకేసారి మూయలేదు కాబట్టి అందరికీ మారటోరియం లేదు, మే 5న రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు ప్రకారం ఎవరికి వాళ్లు బ్యాంకుకు వెళ్లి లోను రీస్ట్రక్చర్ చేయించుకోవాలి, అంటే గడువూ కిస్తీ మళ్లీ కుదుర్చుకోవాలి. బ్యాంకుకు వెళ్లే టైము, బ్యాంకు పనిచేసే టైము, పోలీసులు బండి ఆపని టైము, ఈ మూడూ కలిసిన రోజు దొరికితే ఆ పని అవుతుంది. టెంటు హౌస్ అన్న ఆ ప్రయత్నం చేయలేదు, జనరేటరు అమ్మేశాడు.

ఇప్పటికీ ఇంటి లోను కడుతున్నవాళ్లకు ఒక్క మాట. మీరు అప్పుడు వాయిదా వాడి ఉంటే, కిస్తీ పెంచకుండా గడువు పెంచి ఉంటారు. దాని మీద 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది, అప్పుడు కూడా చాలా బ్యాంకులు కిస్తీ అలాగే ఉంచి గడువే సాగదీశాయి. యాప్‌లో కిస్తీ మొత్తం మారలేదు కదా అని ఊరుకోకండి. బ్రాంచికి వెళ్లి, చివరి కిస్తీ ఏ నెల ఏ సంవత్సరంలో పడుతుందో చూపించే రీపేమెంట్ షెడ్యూలు ప్రింట్ అడగండి. మీ రిటైర్మెంట్ తారీఖు దాటి ఉంటే చేతిలో ఉన్నంత అసలుకి కట్టేయండి, వ్యక్తుల ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి లోన్ల మీద ముందస్తు చెల్లింపుకి పెనాల్టీ వేయకూడదు. కట్టేటప్పుడు కిస్తీ తగ్గించమనొద్దు, గడువు తగ్గించమని కాగితం మీద రాసివ్వండి.